రెండు పసుపు చుక్కల బంతి: ఒలింపిక్స్‌కు సరే, మీ కోర్టుకు సరిపోతుందా?

స్క్వాష్ ర్యాకెట్ కొనడానికి వెళ్లినవాళ్లు దాని గురించి గంటసేపు ఆలోచిస్తారు. బరువెంత, బరువు తలవైపు ఉందా పిడివైపు ఉందా, స్ట్రింగ్స్ ఎంత బిగించాలి అని ఆరా తీస్తారు. అంతా అయ్యాక, బిల్లు కట్టేముందు, ‘ఒక బాల్ కూడా ఇచ్చేయండి’ అంటారు. షాపతను చేతికందిన చిన్న డబ్బా తీసిస్తాడు. అందులో ఉండేది చాలాసార్లు రెండు పసుపు చుక్కల బంతి, మన కోర్టుల్లో డబుల్ డాట్ అనేది. కొత్తగా నేర్చుకునేవారి మొదటి మూడు నెలలు ఎలా గడుస్తాయో ర్యాకెట్ కన్నా ఎక్కువగా తేల్చేది ఆ బంతే. అందుకే ఈ సమీక్ష డన్‌లప్ అమ్మే నాలుగు రకాల స్క్వాష్ బంతుల మీద.

ఇప్పుడే ఎందుకంటే, కోర్టుల దగ్గర కొత్త ముఖాలు కనిపించే రోజులివి. 2023 అక్టోబరు 16న ముంబైలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశం 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లోకి స్క్వాష్‌ను తీసుకుంది. అదే రోజు క్రికెట్‌కూ తలుపు తెరుచుకుంది కాబట్టి మన పత్రికల్లో స్క్వాష్ వార్త ఒక మూలకు పోయింది గానీ, ఆ ఆట కోసం ఎన్నేళ్లుగానో ఎదురుచూస్తున్నవాళ్లకు అది పండుగ రోజు. 2005లో సింగపూర్‌లో కరాటేతో కలిసి గుమ్మం దాకా వెళ్లి, మూడింట రెండొంతుల ఓట్లు రాక వెనక్కి వచ్చింది. 2009లో గోల్ఫ్, రగ్బీ సెవెన్స్ ముందుకెళ్లిపోయాయి. 2013లో బ్యూనస్ ఎయిర్స్‌లో ఉన్న ఒక్క చోటూ రెజ్లింగ్ తీసుకుంది. ఇన్ని భంగపాటుల తర్వాత దొరికింది పురుషుల సింగిల్స్, మహిళల సింగిల్స్, ఒక్కోదానిలో 16 మంది. చిన్న డ్రా. అయినా ఒలింపిక్ ఆట అనే మాటకున్న బరువు వేరు.

ఆసియా క్రీడల్లో స్క్వాష్ 1998 బ్యాంకాక్ నుంచే ఉంది, కామన్వెల్త్ క్రీడల్లోకి కూడా అదే ఏడాది కౌలాలంపూర్‌లో వచ్చింది. 2014 గ్లాస్గోలో దీపికా పల్లికల్, జోష్నా చిన్నప్ప మహిళల డబుల్స్ స్వర్ణం తెచ్చారు. అదే గ్లాస్గోలో 2026 క్రీడలను పది ఆటలకు కుదించినప్పుడు తీసేసినవాటిలో స్క్వాష్ కూడా ఉండటం బాధ కలిగించే విషయం. డబుల్స్ ఆడేవాళ్లకు కామన్వెల్త్ ఎంత పెద్ద వేదికో తెలిసినవారికి ఆ నష్టం అర్థమవుతుంది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మాత్రం మనవాళ్లు ఐదు పతకాలు తెచ్చారు. పురుషుల టీమ్ ఫైనల్లో పాకిస్తాన్ మీద మ్యాచ్ 1-1గా ఉన్నప్పుడు అభయ్ సింగ్ చివరి గేమ్‌లో 8-10తో వెనకబడి, రెండు మ్యాచ్ పాయింట్లు కాచుకుని 12-10తో గెలిచాడు. అది చూసి ర్యాకెట్ పట్టిన పిల్లలున్నారు. వాళ్లకు అదే బంతి కావాలనిపించడం సహజం. కానీ అభయ్ చేతిలో ఆ బంతి చేసే పని, కొత్తవాళ్ల చేతిలో చెయ్యదు. కారణం బంతిలో ఉన్న వేడి.

స్క్వాష్ బంతి రెండు రబ్బరు అర్ధగోళాలను అతికించి చేసిన బోలు గుండు. పోటీ బంతికి ప్రపంచ స్క్వాష్ సమాఖ్య పెట్టిన కొలతల ప్రకారం వ్యాసం 40 మిల్లీమీటర్లు, అటూ ఇటూ అర మిల్లీమీటరు. బరువు 24 గ్రాములు, అటూ ఇటూ ఒక గ్రాము. అసలు సంగతి ఎగురుడు పరీక్షలో ఉంది. 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి చూస్తారు, అదీ రెండు ఉష్ణోగ్రతల్లో: ఒకసారి 23 డిగ్రీల దగ్గర, ఒకసారి 45 డిగ్రీల దగ్గర. 23 దగ్గర 12 శాతం పైకి లేస్తే చాలు, అంటే జానెడున్నర కూడా కాదు. 45 దగ్గర మాత్రం పావు వంతు, అంతకు కొంచెం పైన లేవాలి. ఒకే బంతి, రెండు రెట్లకు పైగా తేడా. ఈ బంతి చల్లగా ఉన్నప్పుడు ఆడటానికి తయారు చేసింది కాదని ఆ కొలతలే చెబుతున్నాయి.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది? కొట్టిన ప్రతిసారీ రబ్బరు నొక్కుకుపోయి మళ్లీ పొంగుతుంది. ఆ నొక్కుడుకు పట్టిన శక్తిలో కొంత తిరిగి రాకుండా వేడిగా బంతిలోనే ఉండిపోతుంది. రబ్బరు వేడెక్కేకొద్దీ చురుకవుతుంది, లోపలి గాలి ఒత్తిడి పెంచుతుంది. మరోపక్క గోడ, స్ట్రింగ్స్, చుట్టూ ఉన్న గాలి ఆ వేడిని లాగేస్తుంటాయి. పుట్టే వేడి, పోయే వేడి సమానమైన చోట బంతి నిలుస్తుంది. గట్టిగా, ఎడతెరిపి లేకుండా కొట్టేవాళ్ల ఆటలో అది 45 డిగ్రీల చుట్టుపక్కల నిలుస్తుంది. మంచి ర్యాలీ అయ్యాక బంతిని అరచేతిలో పెట్టుకుంటే, అప్పుడే ఉడికించి తీసిన గుడ్డు కాస్త చల్లారాక ఉన్నంత వెచ్చగా తగులుతుంది. మూడు దెబ్బలకోసారి ఆగి, బంతి ఏరుకుని, మళ్లీ సర్వ్ చేసేవాళ్ల చేతిలో అది గది వేడి దగ్గరే ఉండిపోతుంది.

కొత్తవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. బంతి చల్లగా ఉంది కాబట్టి ర్యాలీ సాగదు, ర్యాలీ సాగదు కాబట్టి బంతి వేడెక్కదు. ముందు గోడకు కొట్టిన బంతి సర్వీస్ బాక్స్ (సర్వ్ చేసేవారు నిలబడే చదరం) దాటగానే నేలకు అంటుకుపోతుంది. వెనక మూలలో పడితే ఇక లేవదు. దాన్ని ఎలాగైనా లేపాలని మణికట్టుతో గరిటెలా తోడతారు, ర్యాకెట్ అంచు పక్కగోడకు తగిలి ఫ్రేమ్ చెక్కులేస్తుంది. కొన్నాళ్లకు మణికట్టు నొప్పి. చెమట పట్టదు, ఆట ఆడినట్టే ఉండదు. ఇందులో ఆడేవారి తప్పు చాలా తక్కువ, చేతిలో ఉన్న బంతిది ఎక్కువ.

మీకు డబుల్ డాట్ పనికొస్తుందో లేదో చూసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. మామూలుగా ఐదు నిమిషాలు కొట్టండి. వెంటనే బంతిని భుజం ఎత్తు నుంచి, అంటే దాదాపు 150 సెంటీమీటర్ల నుంచి, విసరకుండా వదిలేయండి. మోకాలికి కొంచెం కిందవరకు లేస్తే మీరు బంతికి సరిపడా వేడి పుట్టిస్తున్నారు, డబుల్ డాట్ ఆడొచ్చు. పిక్క మధ్యలో ఆగిపోతుంటే ఇంకా సమయం ఉంది. చీలమండకు కాస్త పైనే ఆగిపోతే ఆ బంతిని సంచిలో పెట్టేయండి. ఉజ్జాయింపు లెక్కే ఇది, కానీ అహంతో పనిలేని లెక్క.

అంతా చెప్పాక కూడా, సరైన చేతుల్లో డబుల్ డాట్‌ను మించిన స్క్వాష్ బంతి లేదు. వృత్తి ఆటగాళ్ల సంఘం పీఎస్‌ఏ నడిపే టూర్‌లో అధికారిక బంతి ఇదే. వేడెక్కాక దాని నడవడి ఎంత కచ్చితంగా ఉంటుందంటే, టిన్‌కు (ముందు గోడ అడుగున ఉండే పలక, దానికి తగిలితే పాయింట్ పోయినట్టే) అంగుళం పైన కొట్టిన డ్రాప్, అంటే ముందు గోడ దగ్గరే మెల్లగా పడేసే షాట్, రెండో బౌన్స్‌కు ముందే ప్రత్యర్థిని పరుగెత్తిస్తుంది, నిక్‌లో, అంటే గోడ, నేల కలిసే చోట, పడ్డ బంతి దొర్లిపోతుంది. దాడి చేసినవాళ్లకు ఫలితం దక్కే బంతి ఇది. పెద్ద పోటీల అద్దాల కోర్టుల్లో ఇదే ప్రమాణంతో చేసిన తెల్ల బంతి వాడతారు, ముదురు రంగు నేల మీద, గోడల మీద కనబడాలి కదా. ఏసీ హాల్లో పెట్టిన అద్దాల కోర్టు వేడిని తొందరగా లాగేస్తుంది. అక్కడ బంతి మామూలు కోర్టు మీదకన్నా త్వరగా చచ్చిపోతుంది, డ్రాప్‌లకు బలం పెరుగుతుంది. టీవీలో చూసి ‘ఇంత సులువుగా ఎలా చంపేస్తున్నారు’ అనుకునేవాళ్లు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మ్యాచ్‌కు ముందు ఇద్దరు ఆటగాళ్లకూ కలిపి నాలుగు నిమిషాలు వార్మప్ ఇస్తారు, రెండు నిమిషాలకు వైపులు మారాలి. ఆ నాలుగు నిమిషాలు ఒంటికన్నా బంతికే ఎక్కువ అవసరం. మొదటి నిమిషంలో లాబ్‌లు (ఎత్తుగా లేపి కొట్టే షాట్లు) కొట్టి ముచ్చట తీర్చుకోవద్దు, అవి బంతిని వేడెక్కించవు. 1.78 మీటర్ల సర్వీస్ గీతకు కొంచెం పైన తగిలేలా గట్టిగా, మీకు మీరే రెండు మూడు సార్లు కొట్టుకుని ఆ తర్వాత అవతలివైపు పంపండి. వైపు మారాక కూడా అదే. చివరి అర నిమిషం వాలీలకు (బంతి నేలను తాకకముందే కొట్టే షాట్లకు), ఒకటి రెండు లాబ్‌లకు చాలు. బూటు కింద వేసి రుద్ది వేడెక్కించే అలవాటు చాలా కోర్టుల్లో ఉంది. వేడెక్కడం నిజమే కానీ పైపొర అరుగుతుంది, బంతి ఆయుష్షు తగ్గుతుంది. వేడినీళ్లలో వెయ్యడం ఇంకా చెడ్డది, తడి బంతి గోడ మీద జారి ఎటు పోతుందో తెలియదు. మైక్రోవేవ్ మాట అసలే వద్దు. మ్యాచ్‌కు అరగంట ముందు నుంచి ప్యాంటు జేబులో ఉంచుకుంటే సరిపోతుంది.

ఇక ఒక పసుపు చుక్క బంతి, సింగిల్ డాట్. ఈ నాలుగింటిలో మేము ఎక్కువ మార్కులు వేసేది దీనికే. పరిమాణం డబుల్ డాట్ అంతే, 40 మిల్లీమీటర్లు. గాలిలో నిలిచే సమయం 10 శాతం ఎక్కువని తయారీదారు లెక్క. పది శాతం అంటే కాగితం మీద తక్కువే, కోర్టులో ఒక అడుగు. వెనక మూలకు చేరడానికి ఆ ఒక్క అడుగు సమయం దొరికితే ర్యాకెట్‌ను ముందే పైకెత్తి, మోకాలు వంచి, డ్రైవ్ కొట్టొచ్చు, తోడాల్సిన పని ఉండదు. పరిమాణం మారదు కాబట్టి ఇక్కడ నేర్చుకున్న టైమింగ్ రేపు డబుల్ డాట్‌కు మారినా వృథా కాదు. వారానికి రెండు మూడు రోజులు, పని అయ్యాక వచ్చి ఆడే క్లబ్ ఆటగాళ్లలో ఎక్కువమందికి ఏళ్లకేళ్లు సరిపోయే బంతి ఇది. సింగిల్ డాట్ తీస్తే చిన్నతనం అనుకునేవాళ్లున్నారు. ఆ సిగ్గు వల్ల పోగొట్టుకునేది తమ ఆటనే.

దీనికీ ఒక బలహీనత ఉంది, అదీ మన ప్రాంతంలో బాగా బయటపడుతుంది. ఏసీ లేని కోర్టు, మే నెల, సాయంత్రం ఐదు గంటలు. విజయవాడలోనో ఖమ్మంలోనో అలాంటి గదిలో గాలే 40 డిగ్రీల దగ్గర ఉంటుంది, బంతికి చల్లబడే దారి ఉండదు. అప్పుడు సింగిల్ డాట్ వెనక గోడకు తగిలి కోర్టు మధ్యకు వచ్చేస్తుంది, ఏ షాట్‌తోనూ పాయింట్ ముగియదు, ఇద్దరూ అలసిపోవడమే మిగులుతుంది. ఆ నెలల్లో మధ్యస్థాయి ఆటగాళ్లు కూడా డబుల్ డాట్ తీసుకోవడం మంచిది. అదే హైదరాబాద్‌లో జనవరి పొద్దున ఆరు గంటలకు అయితే, బాగా ఆడేవాళ్లు కూడా మొదటి గేమ్ సింగిల్ డాట్‌తో ఆడితే ఆట ఆటలా ఉంటుంది. రెండు డబ్బాలూ సంచిలో ఉంచుకుని కాలాన్ని బట్టి తీయాలి. విశాఖ, చెన్నై లాంటి తీర నగరాల్లో వేడితో పాటు ఉక్కపోత. చెమట చేతుల్లోంచి బంతి మీదకు, బంతి మీంచి గోడ మీదకు పోతుంది. తడిసిన బంతి గోడకు పట్టదు, జారి కిందకు దిగుతుంది. ప్రతి సర్వ్‌కు ముందు టీషర్టు పొడి భాగానికి తుడవాలి, చొక్కా మొత్తం తడిసిపోతే చిన్న తువ్వాలు కోర్టు మూలలో కాకుండా తలుపు బయట పెట్టుకోవాలి.

ఎరుపు చుక్క బంతి 6 శాతం పెద్దది, గాలిలో 20 శాతం ఎక్కువసేపు నిలుస్తుంది. పెద్దయ్యాక ఆట మొదలుపెట్టినవాళ్లకు మొదటి రెండు మూడు నెలలు చాలు. అంతకు మించి దాని మీద చెప్పాల్సింది పెద్దగా లేదు.

నీలం చుక్క బంతి గురించి మాత్రం తల్లిదండ్రులు వినాలి. 12 శాతం పెద్దది, గాలిలో 40 శాతం ఎక్కువసేపు ఉంటుంది. చల్లగా ఉన్నా ఎగురుతుంది. ఆరేడేళ్ల పిల్లల చేతికి ఇదే ఇవ్వాలి. పది దెబ్బల ర్యాలీ ఆడిన పిల్ల మరుసటి రోజు తనంతట తానే ర్యాకెట్ తీసుకుని బయల్దేరుతుంది. అయితే ఇదే బంతి మీద ఏడాది దాటి ఉంచితే చెడు అలవాట్లు పడతాయి. బంతి ఎలాగూ వెనక గోడకు తగిలి తిరిగొస్తుంది కాబట్టి పిల్లలు వెనకే నిలబడి ఎదురుచూస్తారు. వాలీ చెయ్యరు, షాట్ కొట్టాక కోర్టు మధ్యలో గీతలు కలిసే టీ దగ్గరకు రారు. కుడివైపు ఒక ఇరవై, ఎడమవైపు ఒక ఇరవై స్ట్రెయిట్ డ్రైవ్‌లు, అన్నీ సర్వీస్ బాక్స్ గీత వెనక పడేలా, ఆగకుండా కొట్టగలిగితే ఎరుపుకు మార్చండి. ఎరుపుతో అదే చెయ్యగలిగితే సింగిల్ డాట్. వయసు చూసి కాదు, ఈ లెక్క చూసి మార్చాలి.

ఏ బంతైనా కళ్లకు రక్షణ తప్పనిసరి. 40 మిల్లీమీటర్ల బంతి కంటి గూడులో ఇమిడిపోయేంత ఉంటుంది, అందుకే ఈ ఆటలో కంటి దెబ్బలు ప్రమాదకరం. ప్రపంచ సమాఖ్య పోటీల్లో జూనియర్లకు, డబుల్స్ ఆడేవాళ్లకు పాలికార్బొనేట్ రక్షణ అద్దాలు నిబంధనే. మామూలు చూపు అద్దాలు దీనికి పనికిరావు, పగిలితే ఆ ముక్కలే కంటికి చేటు.

బంతి ఎప్పుడు పాతబడిందో చాలామంది గుర్తించరు, చినిగితేనే మారుస్తారు. కొత్త బంతి పైపొర మసకగా, వేలికి కొంచెం గరుకుగా తగులుతుంది. అరిగేకొద్దీ నున్నగా, తళతళలాడుతూ వస్తుంది. ఆ మెరుపు వచ్చిన బంతి పక్కగోడను పట్టుకోదు, బోస్ట్ (ముందు పక్కగోడకు తగిలి, ఆపై ముందు గోడకు చేరే షాట్) కొడితే అనుకున్న కోణంలో తిరగదు. గట్టిగా కొట్టేవాళ్లు ఒకటి రెండు మ్యాచ్‌లకే బంతిని ఆ స్థితికి తెస్తారు, మామూలు ఆటలో వారాలు పడుతుంది. ట్యూబ్ లైటు కింద పెట్టి చూడండి. వెలుతురు చుక్కలా స్పష్టంగా ప్రతిఫలిస్తే దాన్ని ఒంటరి సాధనకు పక్కన పెట్టి, మ్యాచ్‌కు కొత్తది తీయండి.

చినగడం చాలాసార్లు అతుకు దగ్గరే మొదలవుతుంది, మొదట వెంట్రుక మందం గీతలా ఉంటుంది, కంటికి ఆనదు. బొటనవేలు, చూపుడువేలుతో నొక్కుతూ బంతిని నెమ్మదిగా తిప్పండి, చీలిక ఉంటే పెదవి తెరుచుకున్నట్టు విచ్చుకుంటుంది. చెవి దగ్గర నొక్కితే గాలి బుస్సుమంటుంది. ఆటలో అయితే శబ్దం ముందు మారుతుంది: టప్ అని మోగేది డొప్పున పడుతుంది. మ్యాచ్‌లో ఈ అనుమానం వచ్చినప్పుడు ర్యాలీ మధ్యలో ఆగకండి. బంతి నిజంగా చినిగితే ఆ ర్యాలీని లెట్‌గా ఇస్తారు, అంటే మళ్లీ ఆడిస్తారు, కానీ మీరు ఆగి చూపించాక బంతి బాగానే ఉందని తేలితే ఆ పాయింటు పోతుంది. ర్యాలీ ముగించి, తర్వాతి సర్వ్‌కు ముందే రిఫరీకి చూపించండి.

నిల్వ విషయంలో ఒక్క జాగ్రత్త: ఎండలో నిలిపిన కారులో, ముఖ్యంగా డ్యాష్‌బోర్డు మీద వదిలెయ్యకండి. రబ్బరు గట్టిబడి త్వరగా బీటలు వారుతుంది. సాధన బంతి, మ్యాచ్ బంతి ఒకే జేబులో కలిపెయ్యడం కూడా పొరపాటే. నున్నబడిన బంతితో వారమంతా ఆడి, ఆదివారం కొత్త బంతి తీస్తే మొదటి గేమ్ టైమింగ్ సర్దుకోవడంతోనే పోతుంది.

బడికో, అపార్ట్‌మెంట్ కోర్టుకో డజను పెట్టెగా కొనేవాళ్లు డజనూ డబుల్ డాట్ తెప్పించడం తరచూ చూసే తప్పు. పదిమంది పిల్లలు నేర్చుకునే చోటైతే నీలం ఐదు, ఎరుపు మూడు, సింగిల్ డాట్ మూడు, డబుల్ డాట్ ఒకటి అనుకుని మొదలుపెట్టండి. ఆ డబుల్ డాట్ కోచ్‌కు, ఒకరిద్దరు పెద్ద పిల్లలకు చాలు. నాన్‌మార్కింగ్ బూట్లు లేకుండా కోర్టులోకి రానివ్వకండి. నల్లటి అరికాలి మరకల మధ్య నల్లటి బంతి కనబడదు, కొత్తవాళ్లకు అదొక అదనపు కష్టం.

పిల్లలు టోర్నమెంటుకు వెళ్తుంటే ఆ వయసు విభాగంలో ఏ బంతి వాడతారో ముందే నిర్వాహకులను అడగండి. డబుల్ డాట్ అని చెబితే మూడు వారాల ముందు నుంచి దానికి మారాలి, రోజూ మొదటి పది నిమిషాలు ఇద్దరు కలిసి బంతిని వేడెక్కించడానికే ఇవ్వాలి. పోటీ రోజున కొత్త బంతి పెట్టె అక్కడే విప్పుతారు. దాని పైపొర గరుకు పోయి ఆటకు కుదురుకోవడానికి మొదటి కొన్ని ర్యాలీలు పడుతుంది, ఆ కాసేపూ డ్రాప్‌ల జోలికి పోకుండా వెనక మూలలకే గట్టిగా కొట్టమని పిల్లలకు చెప్పి పంపండి.